కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా సైకిలుపై: ఏ భాగాన్ని ఎప్పుడు, ఎక్కడ మార్చుకోవాలి

శ్రీనగర్‌లో బయలుదేరి 44వ నంబరు జాతీయ రహదారి వెంట కన్యాకుమారి చేరాలంటే మూడున్నర వేల కిలోమీటర్లకు పైగా తొక్కాలి. రోడ్డు సైకిలుకు ఒక చైన్ ఆయుష్షు, ఒక వెనక టైరు ఆయుష్షు కూడా ఇంచుమించు అంతే ఉంటాయి. అందువల్ల ఇంటి దగ్గర ఏడాది పొడవునా ఒక్కొక్కటిగా పలకరించే మరమ్మతులన్నీ ఈ ప్రయాణంలో కొన్ని వారాల్లోనే, అదీ తెలియని ఊళ్ళలో, వరుసగా వచ్చి పడతాయి. ఏ భాగం ఎన్ని కిలోమీటర్లకు అరుగుతుందో తెలుసుకోవడంతో సగం పని అవుతుంది. అది అరిగేనాటికి మీరు ఏ ఊరి దగ్గర ఉంటారో, ఆ ఊళ్ళో అది దొరుకుతుందో లేదో ముందే లెక్క వేసుకోవడం మిగతా సగం.

దారిని దుకాణాల ప్రకారం విడగొట్టండి

మొదట కాగితం మీద దారిని ఐదు ముక్కలు చేయండి. శ్రీనగర్ నుంచి ఢిల్లీకి సుమారు 800 కి.మీ., ఢిల్లీ నుంచి నాగ్‌పూర్‌కు దాదాపు 1,100, అక్కడి నుంచి హైదరాబాదుకు 500, హైదరాబాదు నుంచి బెంగళూరుకు 570, బెంగళూరు నుంచి కన్యాకుమారికి 650కి కాస్త పైగా ఉంటుంది. గేర్ల సైకిలు విడిభాగాలు నమ్మకంగా దొరికేది ఈ పెద్ద నగరాల్లోనే. వీటికి తోడు మొదటి ముక్కలో లూధియానా తగులుతుంది. అది దేశంలో సైకిళ్ళ తయారీకి కేంద్రం కనుక జమ్మూ కొండలు దిగాక ఏదైనా తేడా కనిపిస్తే ఢిల్లీ దాకా ఆగకుండా అక్కడే చూపించుకోవచ్చు. అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది ఢిల్లీ–నాగ్‌పూర్ ముక్క. గ్వాలియర్, ఝాన్సీ దాటాక సాగర్, సివనీ వైపు మామూలు సైకిళ్ళ దుకాణాలకు కొదవ ఉండదు గాని, వెనక పదకొండు గేర్లున్న సైకిలుకు వేసే చైన్ అక్కడ దొరుకుతుందని నమ్ముకుని వెళ్ళకూడదు.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్ళేవారికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. హైదరాబాదు సరిగ్గా మూడింట రెండు వంతుల దూరం దగ్గర, దాదాపు 2,400 కి.మీ. వద్ద తగులుతుంది. బయలుదేరే ముందే ఒక టైరు, ఒక చైన్, ఒక జత బ్రేక్ ప్యాడ్లు, ఒక జత షార్ట్స్ డబ్బాలో పెట్టి ఇంట్లోనో బంధువుల దగ్గరో ఉంచితే, ఆ బరువును కశ్మీర్ నుంచి మోసుకురావలసిన అవసరం తప్పుతుంది. ఆదిలాబాద్, నిర్మల్ దారిలో దిగి వస్తున్నప్పుడు ఏది మార్చాలో ఒక అంచనాకు వచ్చేస్తారు. హైదరాబాదులో లేని వారు ఇదే పనిని నాగ్‌పూర్‌లో స్నేహితుడి చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి చేసుకోవచ్చు.

ఇక ఒక చిన్న పుస్తకంలో ప్రతి భాగం పేరు, అది ఇప్పటికే ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసుకోండి. ఈ లెక్క లేకపోతే కింద చెప్పే అంకెలన్నీ ఊహలే అవుతాయి.

చైన్, కేసెట్

చైన్ సాగుతుందని అంటారు గాని, నిజానికి సాగేదేమీ లేదు. లింకులను కలిపే పిన్నులు, వాటి చుట్టూ ఉండే లోపలి పళ్ళేల అంచులు అరిగి ఆ సందు పెరగడం వల్ల మొత్తం పొడవు పెరుగుతుంది. పొడవు పెరిగిన చైన్ కేసెట్ (వెనక చక్రం మీది గేర్ల పళ్ళచక్రాల గుత్తి) పళ్ళ మీద సరిగా కూర్చోక వాటిని కూడా తనతో పాటు అరగదీస్తుంది. ఖర్చంతా అక్కడే. చైన్‌ను సకాలంలో మారిస్తే కేసెట్ రెండు మూడు చైన్ల కాలం నిలుస్తుంది, ఆలస్యం చేస్తే రెండూ ఒకేసారి పోతాయి.

కొలవడానికి ప్రత్యేకమైన గేజ్ లేకపోయినా ఉక్కు స్కేలు చాలు. కొత్త చైన్‌లో ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు 12.7 మి.మీ. దూరం ఉంటుంది, అంటే ఒక పిన్ను నుంచి దాని తరువాతి ఇరవై నాలుగో పిన్నుకు దూరం 304.8 మి.మీ. పెడల్ మీద కాస్త ఒత్తిడి పెట్టి చైన్ బిగుతుగా ఉండగా ఈ దూరం కొలవండి. 306.3 మి.మీ. వచ్చిందంటే అర శాతం అరిగినట్టు. పదకొండు, పన్నెండు గేర్ల చైన్‌ను అక్కడే మార్చాలి. ఎనిమిది నుంచి పది గేర్ల చైన్ అయితే 307.1 మి.మీ. దాకా, అంటే ముప్పావు శాతం దాకా ఆగవచ్చు. 307.8 దాటిందంటే ఒక శాతం అరిగిపోయింది. అప్పుడు మాత్రం నా సలహా వేరు: చైన్ ఒక్కదాన్నే మార్చకండి. అరిగిన పళ్ళ మీద కొత్త చైన్ బలంగా తొక్కినప్పుడల్లా జారుతుంది. పాత చైన్, పాత కేసెట్ ఒకదానికొకటి అలవాటు పడి ఉంటాయి కనుక రెండింటినీ కలిపి మార్చే వీలు దొరికే దాకా అలాగే తొక్కడం మేలు.

మామూలు పరిస్థితుల్లో చైన్ 3,000 నుంచి 5,000 కి.మీ. దాకా వస్తుంది. వాన, బురద, దుమ్ము ఈ లెక్కను సగానికి తేగలవు. అందుకే ఈ ప్రయాణానికి కొత్త చైన్‌తోనే బయలుదేరాలి. అయితే బయలుదేరే ముందు రోజు బిగించి వెళ్ళకూడదు. కనీసం ఒకటి రెండు వందల కిలోమీటర్లు ఇంటి చుట్టుపక్కలే తిరిగి, ముఖ్యంగా చిన్న పళ్ళచక్రాల మీద నిలబడి బలంగా తొక్కి చూడండి. ఎక్కడైనా జారితే కేసెట్ కూడా మార్చవలసిందేనని ఇంట్లోనే తేలిపోతుంది. ఆ తరువాత ఢిల్లీ, నాగ్‌పూర్, హైదరాబాదుల్లో మూడుసార్లు కొలిస్తే సరిపోతుంది.

చైన్‌ను విప్పి కలిపే క్విక్ లింకును మీ గేర్ల సంఖ్యకు తగినదే తీసుకోవాలి, తొమ్మిది గేర్ల లింకు పదకొండు గేర్ల చైన్‌కు పట్టదు. పదకొండు, పన్నెండు గేర్ల లింకులను ఒకసారి విప్పితే మళ్ళీ వాడవద్దని చాలామంది తయారీదారులే చెబుతారు. రెండు లింకులు, ఒక చైన్ కట్టర్ సంచిలో ఉంటే చైన్ తెగినా అరగంటలో మళ్ళీ రోడ్డెక్కుతారు.

నూనె విషయంలో రుతువును చూసుకోండి. కశ్మీర్‌లో మంచు పడకముందే బయలుదేరాలని చాలామంది అక్టోబరులో మొదలుపెడతారు. అంటే ఉత్తరాది మైదానాల్లో పొడి దుమ్ము, తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వానలు తగులుతాయి. దుమ్ములో పలుచని పొడి నూనె, వానలో చిక్కని నూనె పనికివస్తాయి. రెండు సీసాలు మోయలేకపోతే పలుచనిదే తీసుకుని వానలో రోజూ వేయండి. ఎక్కడా దొరకనప్పుడు కుట్టుమిషన్ నూనె ఒకటి రెండు రోజులు గట్టెక్కిస్తుంది. ఇంజన్ ఆయిల్ కూడా పని చేస్తుంది గాని, దానికి దుమ్ము విపరీతంగా అంటుకుంటుంది. ఏ నూనె వేసినా పది నిమిషాలు ఆగి పైపైన ఉన్నదంతా గుడ్డతో తుడిచేయండి. చైన్‌కు నూనె కావలసింది లోపల, పైన మిగిలినది ఇసుకను పట్టుకుని సానరాయిలా పని చేస్తుంది.

టైర్లు, ట్యూబులు

సైకిలు మీద బరువులో సగానికి చాలా ఎక్కువే వెనక చక్రం మీద పడుతుంది, తోసేదీ అదే. కనుక వెనక టైరు ముందుదాని కంటే చాలా వేగంగా అరుగుతుంది. తేలికపాటి రోడ్డు టైరు వెనక 3,000–5,000 కి.మీ. రావచ్చు, మందపాటి టూరింగ్ టైరు దానికి రెట్టింపు దాకా వస్తుంది. ఈ దారికి వేగం కొంత తగ్గినా 28 లేదా 32 మి.మీ. వెడల్పున్న, పంక్చర్ నిరోధక పొర ఉన్న టైరు తీసుకోవడమే తెలివైన పని.

టైరు మార్చవలసి వస్తే ఒక పద్ధతి పాటించండి: ముందున్న టైరును వెనక్కి వేసి, కొత్తదాన్ని ముందు వేయండి. వెనక టైరు పగిలితే సైకిలును ఎలాగో ఆపుకోవచ్చు గాని, దిగుడులో ముందు టైరు పగిలితే మనిషి పడిపోతాడు. అందుకే మంచి టైరు ఎప్పుడూ ముందే ఉండాలి. మార్చవలసిన గుర్తులు తెలిసినవే. నడుమ భాగం గుండ్రతనం పోయి బల్లపరుపుగా మారడం, కొన్ని టైర్లలో అరుగుదల చూపడానికి పెట్టిన చిన్న గుంటలు మాయం కావడం, పక్క గోడ మీద ఉబ్బు కనిపించడం. రబ్బరు కింద దారాలు బయటపడ్డాయంటే ఇక ఆలోచించవద్దు.

మన రోడ్ల మీద ముళ్ళ కంటే పెద్ద శత్రువు మరొకటి ఉంది. పగిలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నని ఉక్కు తీగ హైవే అంచున, సరిగ్గా సైకిలు వెళ్ళే చోట, పరుచుకుని ఉంటుంది. వెంట్రుక మందాన, గోరంత పొడవున ఉండే ఆ ముక్క టైరులో నిలువునా దిగి కూర్చుంటుంది. బయటి నుంచి చూస్తే ఒక బూడిద రంగు చుక్క తప్ప ఏమీ కనిపించదు. మీరు ఎక్కి కూర్చున్నప్పుడే దాని మొన ట్యూబును తాకుతుంది, దిగగానే వెనక్కి తగ్గుతుంది. గాలి గంటకు కొంచెం చొప్పున పోతుంది, ట్యూబు మార్చినా మరుసటి రోజు మళ్ళీ పోతుంది. కనుక పంక్చర్ అయిన ప్రతిసారీ చిల్లుకు అతుకు వేసుకుని వెళ్ళిపోకుండా టైరు లోపలి వైపు దూది ఉండను చుట్టూ తిప్పండి. తీగ ఉన్న చోట దూది పోగు పట్టుకుంటుంది. వేలితో తడిమితే వేలు కోసుకుంటుంది. ఆ తీగను పీకడానికి నెయిల్ కట్టర్‌ను మించిన పనిముట్టు నాకు కనబడలేదు. ట్యూబు మీద చిల్లు ఎక్కడుందో చూసి, వాల్వ్ నుంచి అంతే దూరంలో టైరులో వెతికితే పని ఇంకా తొందరగా అవుతుంది. అనంతపురం చుట్టుపక్కల సర్కారు తుమ్మ ముళ్ళకు కూడా ఇదే వైద్యం.

టైరుకు పెద్ద కోత పడితే ట్యూబు ఆ సందులోంచి ఉబికి పగులుతుంది. పాత టైరు పక్క గోడ నుంచి కత్తిరించిన రెండు అంగుళాల ముక్క సంచిలో ఉంచుకుంటే లోపల అడ్డం పెట్టి తరువాతి నగరం చేరవచ్చు. అది లేకపోతే టూత్‌పేస్ట్ ట్యూబును కోసి కడిగి వాడవచ్చు.

సైజు దగ్గర చాలామంది మోసపోతారు. పల్లెటూరి దుకాణంలో 28 అంగుళాల టైరు అడిగితే వెంటనే ఇస్తారు, కాని అది పాతకాలపు నల్ల సైకిలుకు వేసే 28 × 1½ టైరు. దాని లోపలి వ్యాసం 635 మి.మీ. రోడ్డు సైకిళ్ళకు ఉండే 700సీ సైజు రిమ్ముకు కావలసింది 622 మి.మీ. పేర్లు దగ్గరగా ఉన్నా ఆ టైరు మీ చక్రం మీద నిలవదు. టైరు పక్కన 28-622, 32-622 అని రాసి ఉండే అంకెలను మాత్రమే నమ్మండి. ట్యూబుల సంగతీ అంతే. ప్రెస్టా అనే సన్నని వాల్వ్ కోసం 6.5 మి.మీ. రంధ్రం ఉన్న రిమ్ములో మోటారు సైకిలు తరహా వాల్వ్ ఉన్న ట్యూబు దూరదు. అందుకని మూడు ట్యూబులు వెంట ఉంచుకోండి. ఇత్తడి అడాప్టర్ ఒకటి ఉంటే పంక్చర్ షాపులో గాలి పట్టించుకోవచ్చు. రబ్బరు సొల్యూషన్ విషయంలో ఒక మాట: ఒకసారి మూత తెరిచిన ట్యూబు కొద్ది వారాల్లోనే ఎండిపోతుంది, కనుక సీలు తీయనిది ఒకటి అదనంగా పెట్టుకోండి. ట్యూబ్‌లెస్ టైర్లు వాడేవారు బయలుదేరే వారంలో సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) కొత్తగా పోయించుకోవాలి. మన ఎండలకు అది చెప్పిన గడువు కంటే ముందే ఆరిపోతుంది.

బ్రేకులు

శ్రీనగర్ వైపు నుంచి మొదలుపెట్టేవారు తలకిందుల వరుస ఎదుర్కొంటారు. ప్రయాణంలోని పెద్ద దిగుడు దారులన్నీ మొదటి రోజుల్లోనే, పీర్ పంజాల్ దాటి జమ్మూ చేరే లోపే వస్తాయి. అందుచేత ప్యాడ్లు సగం అరిగాయి, ఢిల్లీలో చూద్దాంలే అనుకోకూడదు. కొత్తవి వేసుకునే బయలుదేరి, ఒక పాత జతను కాకుండా ఇంకో కొత్త జతను సంచిలో పెట్టుకోవాలి. బరువు యాభై గ్రాములు కూడా ఉండదు.

రిమ్ బ్రేకులైతే వాన తడిసిన కొండ రోడ్డు మీద ఇసుక కలిసి ఒక్క రోజులోనే రబ్బర్లను బాగా తినేయగలదు. సాయంత్రం రబ్బర్లను దగ్గరగా చూసి, అందులో ఇరుక్కుని మెరిసే అల్యూమినియం పొడి ముక్కలను పిన్నుతో పీకేయండి. అవి ఉంటే రిమ్ము గోకుకుపోతుంది. రిమ్ము పక్క గోడ లోపలికి గుంటపడిందేమో స్కేలు ఆనించి చూడాలి. బాగా గుంటపడిన రిమ్ము గాలి ఒత్తిడికి చీలిపోయే ప్రమాదం ఉంది కనుక అటువంటి చక్రంతో బయలుదేరనే కూడదు.

డిస్క్ బ్రేకులైతే రాపిడి పదార్థం అర మిల్లీమీటరుకు తగ్గగానే ప్యాడ్ మార్చాలి. చాలా డిస్కులు కొత్తగా 1.8 మి.మీ. మందం ఉంటాయి, 1.5కు తగ్గితే డిస్కే మార్చాలి. ప్యాడ్ల ఆకారాలు రకరకాలుగా ఉంటాయి కాబట్టి దుకాణానికి పాతదాన్ని తీసుకునే వెళ్ళండి. చక్రం తీసి ఉన్నప్పుడు బ్రేక్ లీవరు నొక్కవద్దు, పిస్టన్లు ముందుకు వచ్చి ప్యాడ్ల మధ్య డిస్క్ దూరకుండా చేస్తాయి. నూనె అంటిన చేత్తో డిస్కును ముట్టుకోకండి.

కేబుళ్ళు

చెప్పకుండా తెగేది ఇదొక్కటే అంటారు గాని, ముందుగానే చెబుతుంది, మనమే వినం. వెనక గేరు కేబులు లీవరు లోపల పదునుగా వంగే చోట ఒక్కొక్క పోగే తెగుతూ వస్తుంది. గేరు సర్దినా మళ్ళీ రెండు రోజుల్లో తప్పుతోందంటే దాన్నే అనుమానించాలి. పూర్తిగా తెగే దాకా ఆగితే తల ముక్క లీవరులో ఇరుక్కుని, తీయడానికే పూట పడుతుంది. నాలుగు వేల కిలోమీటర్లు తిరిగిన గేరు కేబులును బయలుదేరే ముందే మార్చేయండి, 1.2 మి.మీ. మందం ఉన్నది ఒకటి చుట్టి వెంట ఉంచుకోండి. బ్రేకు కేబులు ఊరి దుకాణాల్లో దొరుకుతుంది, కాని దాని చివర గుండు స్తూపాకారంలో ఉంటుంది. వంపు హ్యాండిల్ ఉన్న రోడ్డు సైకిలు లీవరుకు జామకాయ ఆకారపు చిన్న గుండు కావాలి. రెండు చివర్లా రెండు రకాల గుండ్లు ఉండే కేబులు ఒకటి కొనిపెట్టుకుంటే ఈ చిక్కు ఉండదు. వైర్‌లెస్ గేర్లు వాడేవారు చార్జర్‌తో పాటు లీవర్లలో వేసే నాణెం బ్యాటరీలను కూడా గుర్తుంచుకోవాలి.

స్పోకులు

సామాను వెనక కట్టుకుని వెళ్ళేవారికి స్పోకులు తెగడం మామూలు. ఎక్కువగా వెనక చక్రంలో కేసెట్ వైపు, చక్రం నడుమ ఉండే హబ్ దగ్గర వంపు తిరిగే చోట తెగుతాయి. కారణం ఒక్క గుంతలో పడటం కాదు, లక్షల సార్లు బిగుస్తూ వదులవుతూ లోహం అలిసిపోవడం. వదులుగా ఉన్న స్పోకు ఇంకా త్వరగా అలుస్తుంది. ప్రతి నగరంలో చక్రాన్ని తిప్పుతూ ఒకే వైపు స్పోకులను వేలితో మీటి చూడండి. మందంగా, కింది శ్రుతిలో పలికినది వదులైనట్టు.

తెగిన స్పోకును పక్కదానికి చుట్టేసి, దానికి ఇరువైపులా ఉన్న రెండు స్పోకులను కొద్దిగా వదులు చేయండి. అవి హబ్‌కు అవతలి వైపు నుంచి వస్తాయి కనుక చక్రం వంకర చాలా వరకు సరిపోతుంది, తరువాతి ఊరి దాకా నెమ్మదిగా వెళ్ళవచ్చు. చక్రం వంకర తీయడంలో మన పల్లె మెకానిక్కులు గట్టివాళ్ళు, వారి దగ్గర లేనిదల్లా మీ కేసెట్ విప్పే పనిముట్టు, సరైన పొడవు స్పోకు. ఆ రెండూ మీరు తెచ్చుకుంటే పని అరగంటలో అవుతుంది. నాలుగు స్పోకులను ఫ్రేముకు టేపుతో అంటించి తీసుకెళ్ళండి. ఇక, కొద్ది వందల కిలోమీటర్లలో రెండో స్పోకు, మూడో స్పోకు కూడా తెగాయంటే మిగతావీ అదే దశలో ఉన్నాయని అర్థం. ఒక్కొక్కటిగా అతుకులు వేయకుండా తరువాతి నగరంలో చక్రమంతా కొత్త స్పోకులతో కట్టించుకోండి.

చైన్‌ను ఒక గేరు నుంచి మరో గేరుకు జరిపే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ అనే చిన్న ముక్క ప్రతి ఫ్రేముకూ వేరుగా ఉంటుంది. అది వంగి విరిగితే హైదరాబాదులోనూ వెంటనే దొరకకపోవచ్చు. మోయవలసిన వస్తువులన్నిటిలో నేను మొదట సంచిలో వేసేది అదే.

ఒంటికి తగిలేవి

సీటు, బూట్లు కొత్తవి వేసుకుని బయలుదేరకూడదు. షార్ట్స్‌లో మెత్త అణిగిపోతే పుండ్లు పడతాయి, హైదరాబాదు డబ్బాలో కొత్త జత పెట్టమన్నది అందుకే. బూటును పెడల్‌కు పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లీట్లు ధాబాల ముందు నడిచి నడిచి అరుగుతాయి, నడక ఎక్కువగా ఉండే ఈ దారికి ఉక్కు క్లీట్లే నయం. క్లీట్ మార్చే ముందు పాతదాని చుట్టూ పెన్నుతో గీత గీయండి. కొత్తది రెండు మిల్లీమీటర్లు పక్కకు కూర్చున్నా మోకాలు చెబుతుంది.

పరీక్ష సాయంత్రమే

రోజూ పది నిమిషాల పరీక్షను ఉదయానికి వదిలేయకండి. ఎండ ఎక్కకముందే వెళ్ళాలని తెల్లవారుజామున బయలుదేరుతారు, దుకాణాలు తెరిచేది పది గంటలకు. లోపం సాయంత్రం ఆరింటికి కనబడితే బజారు తెరిచే ఉంటుంది. టైర్ల మీద కోతలు, ప్యాడ్ల మందం, చక్రం ఊగుడు చూసి, బ్యాగు ర్యాక్ బోల్టులు, క్లీట్ బోల్టులు బిగించండి. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ కదిపినప్పుడు హ్యాండిల్ దగ్గర టక్‌మంటే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగ్) వదులైంది. పెడల్ కడ్డీలను పక్కలకు ఊపినప్పుడు ఆడితే కింది బేరింగ్ అరుగుతోంది, అది వందల కిలోమీటర్లు ఓర్చుకుంటుంది కనుక నగరం దాకా ఆగవచ్చు.

బెంగళూరు దాటేటప్పుడు నియమం మారుతుంది. మిగిలినది 650 కి.మీ. పైచిలుకే కనుక ముప్పావు శాతం అరిగిన చైన్, గుర్రుమంటున్న బేరింగ్, చిరిగిన హ్యాండిల్ టేపు వంటి వాటికి అక్కడ డబ్బు పెట్టనక్కరలేదు, అవి సేలం, మదురై దాటి గమ్యం దాకా వస్తాయి. దారాలు తేలిన టైరు, అర మిల్లీమీటరుకు దిగిన ప్యాడ్, పోగులు లేచిన బ్రేకు కేబులు మాత్రం ఒక్క రోజు దూరమే మిగిలి ఉన్నా అక్కడే మార్చి కదలాలి. ముఖ్యంగా ఆ సమయంలో తమిళనాడులో వానలు ఉంటే తడి రోడ్డు మీద బ్రేకు పడే దూరం పెరుగుతుంది, వెంట ఉన్న రెండో జత ప్యాడ్లను హోసూరు దగ్గరే వేసుకోవచ్చు.